కోడిగుడ్డు పొదుగు వేడి: పిండం మీద, పిల్ల మీద దాని ప్రభావం

కోడిగుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు పడుతుంది. ఈ మూడు వారాలూ గుడ్డు చుట్టూ ఉండే గాలి 37.5 నుంచి 37.8 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంటే ఎక్కువ గుడ్లు పిల్లలవుతాయి. హేచరీల వాడుకలో ఇది 99.5 నుంచి 100 ఫారెన్‌హీట్. 35 డిగ్రీలకు దిగినా 40.5 దాటినా పిల్ల ఆశ దాదాపు వదులుకోవాల్సిందే. పొదగడంలో తేమ, గాలి, గుడ్లను తిప్పడం కూడా ముఖ్యమే. అయితే తేమలో కొంత హెచ్చుతగ్గులైనా గుడ్డు ఓర్చుకుంటుంది. వేడిలో ఒక్క డిగ్రీ తేడా రోజుల తరబడి ఉంటే మాత్రం ఆ గుర్తు పిల్ల ఒంటి మీద కనబడుతుంది, గుండెలో, బొడ్డులో మిగిలిపోతుంది.

ఈ విషయంలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. పొదుగు యంత్రం మీద కనిపించే అంకె గాలి వేడిది. పిండం పెరిగేది పెంకు లోపలి వేడిలో. ఈ రెండూ మొదటి వారంలో ఒక తీరుగా, మూడో వారంలో ఇంకో తీరుగా ఉంటాయి. పొదుగు వేడి గురించి గత కొన్ని దశాబ్దాలలో కొత్తగా తెలిసినదంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

పొదుగుకు ముందే మొదలయ్యే కథ

కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీలు. గుడ్డు కడుపులో తయారై బయటికి రావడానికి పట్టే ఒక రోజులోనే ఆ వేడికి పిండకణాలు విడిపోవడం మొదలవుతుంది. అప్పుడే పెట్టిన గుడ్డును పగలగొట్టి చూస్తే పచ్చసొన మీద చిన్న తెల్లని చుక్క కనిపిస్తుంది. పుంజు కలిసిన గుడ్డయితే ఆ చుక్క అంచు వలయంలా తేటగా ఉంటుంది. అప్పటికే అందులో నలభై నుంచి అరవై వేల కణాలుంటాయి. గుడ్డు బయటికొచ్చి చల్లబడగానే ఈ ఎదుగుదల ఆగిపోతుంది. పిండం చనిపోదు, నిద్రపోయినట్టు ఉంటుంది. కోడి రోజుకొకటి చొప్పున పది పన్నెండు గుడ్లు పెట్టి, అన్నిటినీ ఒకేసారి పొదిగి, ఒకటి రెండు రోజుల తేడాలో అన్ని పిల్లలనూ బయటికి తేగలుగుతుందంటే కారణం ఈ ఆగిపోవడమే.

ఎదుగుదల ఎంత వేడి దగ్గర ఆగుతుందన్నదాని మీద శాస్త్రవేత్తలందరిదీ ఒకే మాట కాదు. 20వ శతాబ్దం మొదట్లో 20, 21 డిగ్రీలన్నారు. తర్వాతి పరిశోధనలు 27 దాకా తెచ్చాయి. పిండంలోని కణాలన్నీ ఒకే వేడి దగ్గర ఆగకపోవడం ఈ తేడాకు ఒక కారణం. 1969లో లుండీ అనే పరిశోధకుడు మొత్తం వేడిని మండలాలుగా విడగొట్టాడు. 27కు దిగువన ఎదుగుదల ఆగి ఉంటుంది. 27 నుంచి 35 వరకు పిండం పెరుగుతుంది గానీ అవయవాలన్నీ ఒక పాళ్లలో పెరగవు. 35 నుంచి 40.5 వరకు పిల్లయ్యే అవకాశముంది. ఆపైన వేడిదెబ్బే.

మన వాళ్లు జాగ్రత్తగా చూడాల్సింది ఇందులో రెండో మండలం. ఏప్రిల్, మే నెలల్లో రెంటచింతలలోనో రామగుండంలోనో పెంకుటింటి అటక మీద, రేకుల షెడ్డులో గుడ్లు పెడితే పగలంతా అవి సరిగ్గా ఆ 27, 35 మధ్యనే, ఒక్కోసారి అంతకు పైనే ఉంటాయి. కోడి కూర్చోకుండానే పిండం కదలడం మొదలుపెడుతుంది, రాత్రి కొంచెం చల్లబడితే ఆగుతుంది, మర్నాడు మళ్లీ మొదలవుతుంది. ఇలా కొన్ని రోజులు సాగితే పొదుగుకు పెట్టేసరికే చాలా పిండాలు చచ్చిపోయి ఉంటాయి. దీపం వెలుగులో చూస్తే అలాంటి గుడ్డు పుంజు కలవని గుడ్డులాగే ఖాళీగా కనిపిస్తుంది. దాంతో తప్పు పుంజు మీదకు పోతుంది. ఎండాకాలంలో పెట్టిన గుడ్లు మురిగిపోతాయని, కోడిని అప్పుడు కూర్చోబెట్టకూడదని పల్లెల్లో అనే మాటకు ఇదే ఆధారం.

పొదగడానికి ఉంచే గుడ్లను హేచరీలు వారం లోపైతే 16 నుంచి 18 డిగ్రీల దగ్గర, ఇంకా ఎక్కువ రోజులైతే మరి కొంచెం తగ్గించి దాస్తాయి. వారం దాటాక రోజు గడిచే కొద్దీ పిల్లలయ్యే శాతం పడిపోతుంది, పొదుగు కాలం కూడా దాచిన ఒక్కో రోజుకు ఇంచుమించు గంట చొప్పున పెరుగుతుంది. ఏసీ గది లేని ఇంట్లో తడి ఇసుకలో సగం పాతిన మట్టికుండ బాగానే పనికొస్తుంది. వంటింటి ఫ్రిజ్ వేడి నాలుగైదు డిగ్రీలే కాబట్టి అది ఈ పనికి మరీ చల్లన. ఎక్కువ రోజులు దాచాల్సిన గుడ్లను మధ్యలో ఒకసారి కొన్ని గంటలపాటు పొదుగు వేడికి తెచ్చి మళ్లీ చల్లబరిచే పద్ధతి ఒకటి పెద్ద హేచరీలలో వాడుకలోకి వచ్చింది. విడ్డూరంగా అనిపించినా, ఆ కాస్త వేడితో పిండం కణాలు దెబ్బ తట్టుకునే దశకు చేరుకుంటాయి, పిల్లల శాతం పెరుగుతుంది.

గాలి వేడి, గుడ్డు వేడి

పొదుగు మొదలైన తొలి రోజుల్లో పిండం సొంతంగా పుట్టించే వేడి లెక్కలోకి రాదు. పైగా గుడ్డు నుంచి నీరు ఆవిరైపోతుంటుంది కాబట్టి గుడ్డు చుట్టూ ఉన్న గాలి కన్నా ఇసుమంత చల్లగానే ఉంటుంది. అప్పుడు గుడ్డు వేడి కోసం యంత్రం మీద ఆధారపడుతుంది. తొమ్మిది, పది రోజులయ్యేసరికి పరిస్థితి తిరగబడుతుంది. పిండం పెరిగి, అది ఖర్చుపెట్టే శక్తి వేడిగా బయటికి రావడం మొదలవుతుంది. 18వ రోజున ఒక్కో గుడ్డు దాదాపు 0.14 వాట్ల వేడి వదులుతుంది. ఒక గుడ్డుకు ఇది చిన్న సంగతే. లక్ష గుడ్లున్న యంత్రంలో లెక్కేస్తే అది 14 కిలోవాట్లు. ఆ దశలో పొదుగు యంత్రం అసలు పని గుడ్లను చల్లబరచడం.

ఈ వేడిని తీసుకుపోయేది గాలి కదలిక. ఫ్యాను గాలి బాగా తగిలే చోట ఉన్న ట్రేకూ, గాలి సరిగా ఆడని మూలలో ఉన్న ట్రేకూ గుడ్ల వేడిలో ఒక డిగ్రీ పైనే తేడా రావచ్చు. ముసలి కోళ్లు పెట్టే పెద్ద గుడ్లు చిన్నవాటి కన్నా ఎక్కువ వేడెక్కుతాయి. గుడ్డు పెద్దదయ్యే కొద్దీ లోపలి పిండం పెరిగినంతగా పెంకు వైశాల్యం పెరగదు, వేడి బయటికి పోయే దారి తక్కువ. మాంసం కోసం ఎంపిక చేసిన బ్రాయిలర్ జాతుల పిండాలు లేయర్ల పిండాల కన్నా ఎక్కువ వేడి పుట్టిస్తాయి. అందుకే ఒక జాతికి సరిపడిన అంకెను ఇంకో జాతికి అలాగే వాడితే నష్టం వస్తుంది.

నెదర్లాండ్స్‌లో లూరెన్స్, ఆయన సహచరులు 2005లో ప్రచురించిన ప్రయోగం ఈ రంగంలో ఒక మలుపు. గాలిని వదిలేసి, పెంకు వేడినే 36.7, 37.8, 38.9 డిగ్రీల దగ్గర నిలిపి చూశారు. మొదటి నుంచి చివరి వరకు పెంకు 37.8 దగ్గర ఉన్న గుడ్లే అన్నిటికన్నా బాగా పిల్లలయ్యాయి, ఆ పిల్లలే పచ్చసొనను బాగా ఒంటికి పట్టించుకున్నాయి. మొదటి వారంలో 36.7 దగ్గర ఉన్న గుడ్ల నుంచి వచ్చిన పిల్లల ఒంటి వేడి పుట్టాక కూడా తక్కువగానే ఉంది.

అప్పటి నుంచి పెంకు వేడి కొలవడం హేచరీ పనిలో భాగమైంది. దానికి వాడే పరికరం చాలాచోట్ల పసిపిల్లల జ్వరం చూసే చెవి థర్మామీటరే. దాని మొనను గుడ్డు నడుము మీద ఆనించాలి. మొద్దు వైపు లోపల గాలి గది ఉంటుంది కాబట్టి అక్కడ పెడితే అంకె తక్కువ చూపిస్తుంది. జ్వరం థర్మామీటరు ఇక్కడ పనికిరావడంలో వింతేమీ లేదు. గుడ్డుకు కావాల్సిన వేడి, మనిషికి జ్వరం మొదలయ్యే వేడి రెండూ 100 ఫారెన్‌హీట్ దగ్గరే కలుస్తాయి. పెంకు 101 ఫారెన్‌హీట్ దాటిందంటే యంత్రం వేడిని తగ్గించాలి. ఒకే వయసు గుడ్లను ఒకేసారి నింపే యంత్రాలలో మొదట్లో గాలిని 38 డిగ్రీల దాకా ఉంచి, 18వ రోజుకు మెల్లగా 37 దగ్గరికి దించుతారు. పాత తరహా యంత్రాలలో వేర్వేరు వయసుల గుడ్లు కలిసి ఉంటాయి, ముదురు గుడ్ల వేడి లేత గుడ్లకు అందుతుంది, గాలి మాత్రం 37.5 దగ్గరే స్థిరంగా ఉంటుంది. ఖర్చు తక్కువే గానీ ఏ వయసు గుడ్డుకూ పూర్తిగా సరిపోని ఏర్పాటు అది.

కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో కూడా దీన్నిబట్టే తేలుతుంది. లేత గుడ్లున్న యంత్రమైతే తలుపులు మూసి ఉంచి వేడి కాపాడాలి. 18 రోజులు దాటిన గుడ్లుంటే ఫ్యాను ఆగిన కొద్దిసేపటికే గుడ్లు తమ వేడికి తామే ఉడుకుతాయి, ఊపిరాడక చస్తాయి. అక్కడ తలుపులు తెరవాలి.

వేడి మించితే

గుడ్డు చలికి ఓర్చుకున్నంతగా వేడికి ఓర్చుకోదు. 16 రోజుల పిండాలను 46 డిగ్రీలలో మూడు గంటలు, లేదా 49 డిగ్రీలలో ఒక్క గంట ఉంచితే ఏదీ బతకదు. ఎండలో ఆపిన వ్యాను లోపల ఈ వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు.

ఇలాంటి ఒక్క దెబ్బ కన్నా, ఒకటి ఒకటిన్నర డిగ్రీ ఎక్కువగా రోజుల తరబడి సాగే వేడి వల్ల కలిగే నష్టాన్ని కనిపెట్టడం కష్టం. ఆ నష్టం ఎలా జరుగుతుందో చూద్దాం. వేడి పెరిగితే పిండంలో రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి, ఆక్సిజన్ ఎక్కువ కావాలి. గుడ్డు ఊపిరి తీసేది పెంకులోని సుమారు పదివేల సన్నని రంధ్రాల గుండా. మొత్తం 21 రోజుల్లో 60 గ్రాముల గుడ్డు వాటి గుండా దాదాపు ఆరు లీటర్ల ఆక్సిజన్ తీసుకుని నాలుగున్నర లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. రంధ్రాల సంఖ్య పెరగదు. మూడో వారంలో పిండం అవసరం రంధ్రాల శక్తికి దాదాపు సమానమవుతుంది. ఆ సమయంలో వేడి ఎక్కించడమంటే రాని గాలి కోసం పిండాన్ని పరుగెత్తించడమే. అది పచ్చసొన కొవ్వును వాడుకోలేక కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్‌ను ఖర్చుచేస్తుంది. పెంకు పగలగొట్టుకునే చివరి గంటలకు కావాల్సిన శక్తి కూడా అదే.

ఫలితంగా పిల్ల తొందరగా బయటికి వస్తుంది, కానీ పొట్టిగా, లోపల వాడని పచ్చసొన మిగుల్చుకుని వస్తుంది. పొట్ట పచ్చసొనతో ఉబ్బి ఉండటం వల్ల బొడ్డు పూర్తిగా మూసుకోదు. దాని మీద నల్లని పొక్కు మిగులుతుంది, లేదా ఎండిన దారంలాంటిది వేలాడుతుంది. ఆ దారి గుండా క్రిములు చేరి మొదటి వారంలోనే పిల్లలు పోతాయి. పెంకు పగలగొట్టడానికి ఎక్కువ తన్నుకోవడం వల్ల కాలి కీళ్లు ఎర్రబారతాయి. పసుపుపచ్చగా ఉండాల్సిన బ్రాయిలర్ పిల్ల నూగు వెలిసిపోయినట్టు తెల్లగా ఉంటుంది, పచ్చసొనలోని రంగు ఒంటికి పట్టకపోవడం దానికి కారణం. పైకి కనిపించనిది గుండె. వేడి ఎక్కువైన గుడ్ల పిల్లల గుండె ఒంటి బరువుతో పోల్చితే చిన్నదిగా ఉంటుందని పలు ప్రయోగాలు తేల్చాయి. వేగంగా పెరిగే బ్రాయిలర్‌కు చిన్న గుండె చాలదు. ఐదారు వారాల వయసులో కడుపులో నీరు చేరి చనిపోయే కోళ్లలో కొన్నిటి జబ్బుకు మూలం పెంకు లోపలి రోజుల్లోనే ఉంటుంది. రైతు దాణానూ షెడ్డునూ తప్పుపడుతుంటాడు.

మొదటి రోజుల్లో వేడి మించితే నష్టం వేరు. మెదడు, కళ్లు, ముఖం రూపుదిద్దుకునే సమయం అది. పుర్రె మూసుకోక మెదడు బయటపడటం, కన్ను లేకపోవడం, పై ముక్కు కింది ముక్కు కత్తెరలా పక్కలకు పోవడం అప్పుడే జరుగుతాయి. ఫ్రాన్స్‌కు చెందిన కామిల్ దారెస్త్ 19వ శతాబ్దంలో గుడ్లకు కావాలనే తప్పుడు వేడి ఇచ్చి ఇలాంటి వికృత పిండాలను పుట్టించాడు, 1877లో వాటి మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. అంగవైకల్యాలు వంశపారంపర్యంగానే కాక పరిసరాల వల్ల కూడా కలుగుతాయని చూపిన తొలి ప్రయోగాలలో ఇవి ఉన్నాయి.

వేడి తగ్గితే

తక్కువ వేడిలో అన్నీ ఆలస్యమవుతాయి. పిల్లలు 21 దాటి 22, 23వ రోజుకు, అదీ ఒకటొకటిగా వస్తాయి. పొట్ట మెత్తగా, పెద్దగా ఉంటుంది, కాళ్ల మీద నిలబడలేక తూలుతాయి. పెంకుకు చిల్లు పెట్టి, బయటికి రాలేక లోపలే చచ్చిన పిల్లలు ఎక్కువగా కనిపిస్తాయి.

అయితే కొద్దిసేపటి చల్లదనం వేరు, రోజుల తరబడి తక్కువ వేడి వేరు. పొదిగే కోడి రోజుకొకసారి మేతకూ నీళ్లకూ లేచి, పావుగంటో అరగంటో గుడ్లను వదిలేస్తుంది. గుడ్లకు దానివల్ల ఏమీ కాదు.

తల్లికోడి నుంచి థర్మోస్టాట్ దాకా

పొదుగుకు వచ్చిన కోడి పొట్ట కింద ఈకలు రాలి, చర్మం నేరుగా గుడ్లకు తగులుతుంది. గుడ్డు పైభాగం ఎక్కువ వెచ్చగా, గడ్డి తగిలే కిందిభాగం తక్కువగా ఉంటాయి. కోడి ముక్కుతో గుడ్లను తిప్పుతూ, అంచున ఉన్నవాటిని నడిమికి లాగుతూ ఆ తేడాను సరిచేస్తుంది. ఒక కోడి కింద పది పన్నెండుకు మించి గుడ్లు పెట్టకూడదనేది కూడా అందుకే. మించితే అన్నిటికీ అరకొర వేడే అందుతుంది.

కోడి లేకుండా పొదగడం ఈజిప్టులో ప్రాచీన కాలం నుంచీ ఉంది. అక్కడ గుడ్లను పేడ వేడిలో పొదిగేవారని అరిస్టాటిల్ రాశాడు. నైలు నది ప్రాంతంలో మట్టి ఇటుకల పెద్ద పొయ్యిలు కట్టి, పేడా గడ్డీ కాల్చిన వేడితో ఒక్కసారే వేల గుడ్లు పొదిగేవారు. అక్కడి పనివాళ్ల దగ్గర థర్మామీటరు లేదు. గుడ్డును మూసిన కనురెప్పకు ఆనించి వేడి సరిపోయిందో లేదో చెప్పేవారు. కనురెప్ప చర్మం పలుచన, చిన్న తేడాను కూడా పట్టుకోగలదు. ఆ విద్య తండ్రి నుంచి కొడుక్కు వచ్చేది.

యూరప్‌లో 17వ శతాబ్దం మొదట్లో డచ్ దేశస్థుడు కార్నెలిస్ డ్రెబెల్ పాదరసంతో తనంతట తాను వేడిని అదుపు చేసుకునే పొదుగు పెట్టె తయారుచేశాడు. థర్మోస్టాట్ చరిత్ర కోడిగుడ్డుతో మొదలైందనడం అతిశయోక్తి కాదు. ఫ్రెంచి శాస్త్రవేత్త రెయోముర్ 1749లో ఈజిప్టు పద్ధతిని వివరిస్తూ, గుర్రపు పేడ వేడితో థర్మామీటరు చూసుకుంటూ పొదగడం ఎలాగో పుస్తకం రాశాడు. 1879లో కాలిఫోర్నియాలోని పెటలూమా పట్టణంలో లైమన్ బైస్ తయారుచేసిన యంత్రంతో పొదగడం ఒక పరిశ్రమగా మారింది. ఏ వేడిలో ఎన్ని పిల్లలవుతాయో తేమనూ గాలినీ కూడా అదుపులో పెట్టి మొదటిసారి పకడ్బందీగా కొలిచినవాడు అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకుడు బారట్. 1937లో ఆయన తేల్చిన 37.8 డిగ్రీలు ఈనాటికీ నిలిచింది.

ఇప్పుడు ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో నాటుకోళ్లు పెంచేవాళ్లు థర్మోకోల్ పెట్టెలో బల్బు, చిన్న డిజిటల్ థర్మోస్టాట్ అమర్చి సొంతంగా పొదుగుతున్నారు. ఫ్యాను లేని పెట్టెలో వేడి పైకి చేరుతుంది కాబట్టి థర్మామీటరు గుడ్ల పై మట్టానికి సమానంగా ఉండాలి, అక్కడ 38.3 నుంచి 38.9 దాకా ఉండాలి. గుడ్డు కింది సగం అప్పటికి ఒక డిగ్రీ చల్లగా ఉండి, నడిమి వేడి సరిపోతుంది. సెన్సార్‌ను బల్బు పక్కనే వేలాడదీయడం ఈ పెట్టెలలో సాధారణంగా కనిపించే లోపం. తెరమీద 37.8 కనిపిస్తుంది, మూలనున్న గుడ్లు 35 దగ్గర ఉంటాయి.

పుంజా, పెట్టా?

వేడి తగ్గిస్తే పెట్టలు, పెంచితే పుంజులు వస్తాయని, లేదా దానికి తలకిందులుగా, కోళ్ల పెంపకందారులలో ఒక నమ్మకం తిరుగుతుంటుంది. మొసళ్లలో, చాలా రకాల తాబేళ్లలో పొదుగు వేడే ఆడా మగా తేల్చే మాట నిజం. కోడిలో కాదు. అక్కడ ఆడ మగ తేడా గుడ్డు కోడి కడుపులో ఉండగానే, పెట్ట ఇచ్చే క్రోమోజోమును బట్టి నిర్ణయమైపోతుంది. ఏదైనా వేడిలో ఒక లింగం పిండాలు ఎక్కువగా చస్తే మిగిలినవాటిలో నిష్పత్తి మారినట్టు కనిపించవచ్చు. ఆస్ట్రేలియాలో ఆకుల కుప్ప పులిసే వేడితో గుడ్లు పొదిగే బ్రష్ టర్కీ పక్షిలో ఇలాగే జరుగుతుంది. 34 డిగ్రీల దగ్గర సగం సగం ఉండే ఆడ మగ పిల్లలు, అంతకన్నా చల్లని కుప్పలో మగవి ఎక్కువగా, వేడి కుప్పలో ఆడవి ఎక్కువగా బయటికొస్తాయి. తేడాకు కారణం లింగం మారడం కాదు, లోపల చచ్చినవి ఏవన్నదే. ఈ పద్ధతితో పెట్టలను పొందాలనుకునే రైతు సగం పిల్లలను పోగొట్టుకోవడం తప్ప సాధించేదేమీ ఉండదు.

గుడ్డులోనే వేడికి అలవాటు

అన్ని వేళలా ఎక్కువ వేడి చెడ్డదే అనుకుంటే, ఇజ్రాయెల్‌లోని వోల్కానీ వ్యవసాయ పరిశోధన సంస్థలో యహావ్ బృందం చేసిన పని దానికి మినహాయింపు. వేసవిలో బ్రాయిలర్లు వడదెబ్బకు చచ్చే దేశం అది. పిండంలో ఒంటి వేడిని అదుపుచేసే వ్యవస్థ ఏర్పడే సమయంలో, అంటే 7వ రోజు నుంచి 16వ రోజు వరకు, రోజుకు 12 గంటలు మాత్రం 39.5 డిగ్రీలు, 65 శాతం తేమ ఇచ్చి చూశారు. 2008లో ప్రచురించిన ఈ ఫలితాల ప్రకారం ఆ పిల్లల ఒంటి వేడి పుట్టినప్పటి నుంచీ కాస్త తక్కువగా ఉంది, పెద్దయ్యాక ఎండ వేడిని మిగతావాటి కన్నా బాగా తట్టుకున్నాయి. అదే వేడిని రోజంతా ఇస్తే పిల్లలయ్యే శాతం పడిపోయింది. గుడ్డులో కాకుండా, పుట్టిన మూడో రోజున పిల్లలను ఒక రోజుపాటు 36, 37 డిగ్రీలలో ఉంచినా ఇలాంటి ప్రయోజనమే కనిపించింది.

వేసవిలో వడగాలికి వేలల్లో కోళ్లు చనిపోయే తెలుగు రాష్ట్రాలకు ఇది ఆసక్తి కలిగించే విషయమే. కానీ రోజుకు రెండుసార్లు వేడి మార్చి, ప్రతి గుడ్డుకూ ఆ మార్పు సమానంగా అందేలా చూడగల యంత్రం ఉంటేనే ఇది సాధ్యం. గాలి సరిగా ఆడని యంత్రంలో ప్రయత్నిస్తే 39.5 బదులు మూలనున్న గుడ్లు 40.5 దాటతాయి.

బయటికి వచ్చాక

పెంకు నుంచి బయటపడ్డ పిల్లకు వేడితో అవసరం తీరిపోదు. అప్పుడే పుట్టిన పిల్ల ఒంటి వేడి 40 డిగ్రీలు, 40.6 మధ్య ఉండాలి. దాన్ని నిలబెట్టుకునే శక్తి మొదటి వారం రోజుల్లో పూర్తిగా రాదు, నూగు చలిని ఆపలేదు. అందుకే పిల్లలను వెచ్చగా ఉంచే బ్రూడర్‌లో మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీలు ఉంచి, వారానికి సుమారు మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తారు. పొదుగులో వేడి మించిన పిల్లలు, పెంకు పగిలే పెట్టె అయిన హేచర్‌లోనే నోరు తెరిచి రొప్పుతూ నీరు కోల్పోతాయి. పొదుగులో చల్లబడ్డవి బ్రూడర్‌లో కూడా మిగతావాటి కన్నా కొంచెం ఎక్కువ వేడి కోరతాయి.

అనుభవమున్న పెంపకందారు థర్మామీటరుతో పాటు పిల్లలనూ చూస్తాడు. బల్బు కింద ఒకదాని మీద ఒకటి గుమిగూడితే వేడి చాలలేదు, గోడల వైపు పోయి రెక్కలు చాచి పడుకుంటే ఎక్కువైంది, షెడ్డంతా పరుచుకుని మేత మేస్తుంటే సరిపోయింది. పిల్లను చేతిలోకి తీసుకుని దాని పాదాలను చెంపకు ఆనిస్తే చల్లగా తగలకూడదు. వెల్లకిలా పడుకోబెడితే మూడు సెకన్లలో లేచి నిలబడాలి. బొడ్డు చూడాలి, కాలి కీళ్లు చూడాలి. పిల్ల కొనేటప్పుడు ఈ నాలుగూ చూసినవాడికి ఆ హేచరీ యంత్రంలో గడచిన మూడు వారాల వేడి ఎలా ఉందో చాలావరకు తెలిసిపోతుంది.